తప్పిపోయిన మూడు ఫైళ్లు

పోయిన వారం కస్తూరిని మనం కాజీపేట దాటిన రైల్లో, కిటికీ పక్క సీట్లో, ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉండగా వదిలిపెట్టాం. ఆ బ్యాగులో తువ్వాల చుట్టిన కాలిపోయిన డిస్కు ఒకటుంది. శనివారం సాయంత్రం జనగామలో పడ్డ పిడుగుకు తంగేడు రక్తనిధి వారి అసలు సర్వర్ చచ్చిపోయింది. దానికి మహబూబాబాద్ శాఖలో జోడు సర్వర్ ఉంది. జనగామలో రాసిన ప్రతి అక్షరమూ లైను మీద అక్కడికి చేరి, అక్కడ కూడా నమోదు కావాలి. ఇక్కడిది పడిపోతే అక్కడిది లేచి పని అందుకోవాలి. స్టాండ్‌బై అని దాన్ని అంటారు. తీరా చూస్తే ఆ స్టాండ్‌బై తొమ్మిది రోజుల కిందటే ఒకచోట ఆగిపోయి ఉంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

జనగామ దవాఖానలో భాగ్యమ్మ అనే ఆమె గర్భసంచి ఆపరేషన్ అయ్యాక రక్తం ఆగక పడి ఉంది. ఇదివరకు ఐదారుసార్లు రక్తం ఎక్కించుకున్న మనిషి. అందువల్ల ఆమె ఒంటికి మామూలుగా గ్రూపు కలిస్తే చాలదు, ఇంకా లోతైన పరీక్షలు కలవాలి. అలాంటి దాతలెవరో చెప్పే పరీక్షా ఫలితాలు హైదరాబాద్ ల్యాబ్ నుంచి మంగళవారం నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చాయి. ఆ మంగళవారమే ఇప్పుడు కనిపించడం లేదు. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే ఆదివారమని కాపలాదారు ఎత్తాడు. సాయంత్రంలోగా రక్తం కావాలని జనగామ రక్తనిధిని చూసుకునే డాక్టర్ విజయ చెప్పింది.

రైల్లో కస్తూరి గుండెల్లో ఉన్న రాయి మాత్రం అది కాదు. స్టాండ్‌బై ఎందుకు ఆగిపోయిందో ఆమెకు తెలుసు. లేదా తెలిసిందని అనుమానం. ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.

*

మహబూబాబాద్ శాఖలో రక్తం నిలవచేసే ఫ్రిజ్‌ల వెనక ఒక చిన్న గది. ఏసీ మోత తప్ప ఇంకేమీ వినపడదు. జాల్యా అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నలభై ఐదేళ్ల మనిషి. ఊరి బయటి తండా వాడు. ఒకప్పుడు స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నడిపి, అక్కడి పాత కంప్యూటర్ మీదే పని నేర్చుకుని, రక్తనిధి మొదలైన నాటి నుంచి మూడు శాఖల కంప్యూటర్లకు ఆయనే దిక్కయ్యాడు. ఆదివారం పూట కూడా ఇస్త్రీ చొక్కా.

"డిస్కు తెచ్చినవా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

తువ్వాల విప్పి ఇచ్చింది. కేబుల్ తగిలించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఏదో గీరినట్టు రెండుసార్లు టిక్కుమని ఊరుకుంది. పక్కన పెట్టేశాడు.

"ఇగ దీని మీద ఆశ లేదు. కూసో. స్టాండ్‌బై ఏడ ఆగిందో సూడు. ఎందుకు ఆగింది, ఎవలు ఆపిన్రు గివన్నీ తర్వాత. మొదాలు ఏడ ఆగింది?"

కస్తూరి కుర్చీ లాక్కుని కీబోర్డు ముందుకు జరిపింది. నర్మెట్ట పిల్ల. తండ్రి కాటమయ్య కల్లుగీత పని చేసి ఇంజనీరింగ్ చదివించాడు. చదువయ్యాక రెండేళ్లు ఆమె పెట్టని దరఖాస్తు లేదు. చివరికి నాలుగు నెలల కిందట ఈ రక్తనిధిలో ట్రైనీగా చేరింది. జాల్యా వంక చూడకుండా గబగబా టైపు చేసింది.

తెర మీద జవాబు వచ్చింది. జనగామ సర్వర్ తన మార్పులన్నిటినీ వరస నంబర్లు వేసిన ఫైళ్లలో రాస్తుంది. ఆ ఫైళ్లు ఒక్కొక్కటే మహబూబాబాద్ వస్తే, ఇక్కడిది వాటిని అదే వరసలో చదువుకుని తనలో కలుపుకుంటుంది. చివరిగా కలుపుకున్నది 4187.

"వచ్చి పడ్డయి ఎన్ని?" జాల్యా అడిగాడు.

ఫోల్డర్ తెరిచింది. 4191. 4192. 4193. అలా పోగా పోగా 4236 దాకా ఉన్నాయి. చివరిది శనివారం సాయంత్రం ఆరు నలభైకి వచ్చింది. పిడుగు పడింది ఆరూ యాభై రెండుకు.

జాల్యా ముందుకు వంగాడు. "ఇగో సూడు. మంగళవారం ఫైల్ గీన్నే ఉన్నది. మన చేతులనే ఉన్నది."

"ఉన్నది. కానీ చదువది."

"ఎందుకు చదువది?"

"మధ్యల మూడు లేవు. 88, 89, 90. అవి లేకుంటే 91 ముట్టుకోదు."

అవును, ముట్టుకోదు. వరస తప్పితే లెక్క తప్పుతుందని దాని భయం. కావాల్సిన ఫలితం నాలుగడుగుల దూరంలో, అదే పెట్టెలో ఉంది. మధ్యలో మూడు ఫైళ్లు లేనందుకు అది చీకట్లో ఉండిపోయింది.

"లైను పోయినప్పుడు ఆగినయేమో. జనగామలనే ఉండి ఉంటయి, కాలిపోయి ఉంటయి..." అని జాల్యా తనలో తాను అనుకుంటున్నాడు. "కానీ గట్లయితే లైను వచ్చినంక అవ్వే పోవాలె గదా. 91 వచ్చి 90 ఎట్ల రాకుంటది?"

కస్తూరి కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అన్నా, అవి నేను తీసేసిన."

జాల్యా ఆమె వైపు తిరిగాడు.

"ఏం తీసినవ్?"

"ఆ మూడు ఫైళ్లు. పోయిన శుక్రవారం కాదు, అంతకు ముందు శుక్రవారం. డిస్కు తొంభై ఏడు శాతం నిండిందని ఎర్రగ వచ్చింది. విజయ మేడం రక్తదాన క్యాంపు పేర్లు ఎక్కియ్యమని తొందర పెడుతున్నది. పాత ఫైళ్లు తీసేస్తే జాగ అయితదని ఇంటర్నెట్‌ల ఎవరో రాసింది సూసిన. మూడున్నరకు, గంట కంటె పాతయి ఉన్నయన్నీ కొట్టేసిన. అవన్నీ మీకు ఎప్పుడో చేరినయనుకున్న. గురువారం సాయంత్రం నుంచి లైను పోయిందని నాకు తెల్వది. నిన్న తేదీలు కలిపి సూస్తే అర్థమైంది."

ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పాక ఊపిరి పీల్చుకుంది. జాల్యా లేచి నిలబడ్డాడు. గదిలో అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. అంతకు మించి జాగా లేదు.

"నిన్న ఫోన్ల ఎందుకు చెప్పలే?"

"బుగులైందన్నా, భయమేసింది."

"నీ బుగులుతోని నాకు రాత్రంత పోయింది. నిన్ననే చెప్తే నిన్నటి నుంచే ఎతుకుతుంటి. అక్కడ ఆమె పానం మీద ఉన్నది, తెలుసు గదా?" గొంతు పెరిగింది. "నాలుగు నెలలైంది వచ్చి. తెల్వకుంటె అడుగుమని ఎన్నిసార్లు చెప్పిన? ఒక్క ఫోన్. అన్నా, డిస్కు నిండింది, ఏం చెయ్యాలె అని ఒక్క ఫోన్!"

కస్తూరి తల ఎత్తలేదు. కంట్లో నీళ్లు తిరిగాయి గానీ కారనివ్వలేదు. ఇప్పుడు ఏడిస్తే ఆయన తిట్టడం ఆపాల్సి వస్తుంది. ఆ తిట్లు తనవే, తానే పూర్తిగా వినాలి అనిపించింది.

జాల్యా మళ్లీ కూర్చున్నాడు. తన ఫోన్ తీసి, ఏదో వెతికి ఆమె ముందు పెట్టాడు. ఈ-మెయిల్. స్టాండ్‌బై వెనకబడింది, ఒక రోజు. దాని కింద, రెండు రోజులు. మూడు. మొత్తం ఎనిమిది మెయిళ్లు, ఏదీ తెరవలేదు.

"గివి నాకే వస్తయి. రోజూ పొద్దున చదువాలె. నేనే పెట్టుకున్న నియమం. ఒక ఇరవై సార్లు ఉత్తగనే వచ్చి వాటంతట అవ్వే సర్దుకున్నయని చదువుడు మానేసిన. మొదటి రోజే చదివి ఉంటే ఆ శనివారమే దొరికిపోయేది, ఇంత కథ లేకుండె." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "తిట్టుడు ఇగ అయిపోయింది. నిన్ను తిట్టిన, నన్ను నేను తిట్టుకున్న. ఇప్పుడు చెప్పు. ఆ శుక్రవారం నువ్వు ఆ ఫైళ్లు తీయకముందు, ఇంకెవలన్న వాటిని ముట్టిన్రా?"

కస్తూరి కళ్లు మూసుకుని ఆ రోజును మొదటి నుంచి తిరిగి నడిచింది. పొద్దున వాన. లైను లేదు, ఎవరూ చెప్పలేదు. భూపాలపల్లి శాఖ నుంచి మొగిలి వచ్చాడు, క్యాంపు రక్తం నమూనాలు పట్టుకుని. వెళ్లేటప్పుడు...

"మొగిలన్న!" అంటూ కళ్లు తెరిచింది. "మొగిలన్న డిస్కు!"

ప్రతి శుక్రవారం జనగామ సర్వర్ మొత్తాన్ని ఒక బయటి డిస్కులోకి నకలు తీసి, భూపాలపల్లి శాఖ బీరువాలో పెట్టడం రివాజు. ఒక ఊరికి ఏమైనా అయితే ఇంకో ఊళ్లో ఉంటుందని. ఆ పని మొగిలిది. మొన్న శుక్రవారం జెండా పండుగ సెలవు కాబట్టి ఆయన రాలేదు. అంటే బీరువాలో ఉన్నది ఇంకా ఆ పాత శుక్రవారం నకలే, దాని మీద కొత్తది రాయలేదు.

"ఎన్నిటికి నకలు పెట్టిండు?"

"పన్నెండుకు. నాకు యాదికున్నది. ఒంటి గంట బస్సు దొరకాలె అని లొల్లి చేసిండు."

జాల్యా 4191 ఎప్పుడు మొదలైందో చూశాడు. మధ్యాహ్నం ఒకటీ ఇరవై. అంటే 4190 ముగిసింది అప్పుడే. మొగిలి పన్నెండుకే నకలు తీసుకుంటే 88, 89 దొరుకుతాయి. 90 సగమే ఉంటుంది. సగం ఫైలు ఉన్నా లేనట్టే.

"అడిగి సూద్దాం," అన్నాడు జాల్యా.

మొగిలి ఫోన్ మూడోసారికి ఎత్తాడు. వెనక నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. మొగుళ్లపల్లిలో సొంత పొలంలో నాట్లు వేయిస్తున్నాడు.

"మొగిలన్నా, నేను కస్తూరిని. ఆ రోజు నకలు ఎన్నిటికి అయిపోయింది? పన్నెండున్నరకా?"

"ఏడ పన్నెండున్నర బిడ్డా! సగమయినంక కరెంటు పోలే? మల్ల మొదటి నుంచి పెట్టిన. ఒంటి గంట బస్సు పాయె. నీకేం తెల్సు, నువ్వు అన్నం తినవోయినవ్. ఒకటీ ముప్పావుకు మల్ల పెడితే రెండున్నరకు అయింది. పరకాల చేరేవరకు చీకటి పడ్డది. ఆ రోజు పడ్డ తిప్పలు..."

కస్తూరి జాల్యా వంక చూసింది. జాల్యా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నాడు. ఒకటీ ముప్పావు! ఆ కరెంటు పోకపోయి ఉంటే, ఆ బస్సు దొరికి ఉంటే!

"మొగిలన్నా," అని ఆమె గట్టిగా అంది, "ఆ డిస్కు ఇప్పుడే కావాలె. జల్ది భూపాలపల్లి పోవాలె. జనగామల ఒకామె పానం మీద ఉన్నది."

"పానమా? ఆ మాట ముందుగాల చెప్పవేంది?" నాటేసే వాళ్లకు ఏదో కేక వేశాడు. "గంటల ఉంట. బురద కాళ్లతోనే పోతున్న."

*

ఆ గంట ఎలా గడపాలో ఇద్దరికీ తెలియలేదు. జాల్యా టీ తెప్పించాడు. ఉన్నట్టుండి అడిగాడు: "ఎల్లుండి మంగళవారం హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ అన్నవ్ గదా. రెజ్యూమె ఉన్నదా?"

"ఇప్పుడా అన్నా?"

"ఇప్పుడు కాకుంటే ఎప్పుడు? ఆ మనిషి బండి మీద పోతుండు. మనం ఇక్కడ గోళ్లు కొరుక్కుంటె బండి ఉరుకది."

బ్యాగులోంచి తీసి ఇచ్చింది. రెండు పేజీలు. కాలేజీలో అందరికీ ఇచ్చిన నమూనాలో నింపింది. జాల్యా పెన్ను తీసి చదవడం మొదలుపెట్టాడు.

"ఆరు ప్రోగ్రామింగ్ భాషల్లో నిపుణురాలు." తల ఎత్తాడు. "నిజమా?"

"ఒకటి వస్తది. ఇంకోటి సగం వస్తది."

ఒక గీత కొట్టాడు. "బృందాన్ని నడిపించే సామర్థ్యం. ఎవల్ని నడిపించినవ్? ఒత్తిడిలో పనిచేయగలను. గిది అందరు రాస్తరు." ఇంకో గీత. చూస్తుండగానే రెండు పేజీల్లో పది లైన్లు మిగిలాయి. "ఇగో, జనగామ రక్తనిధిలో ట్రైనీ అని అట్టడుగున ఒక్క లైను రాసినవ్. అసలు సరుకు గీన్నే ఉన్నది, దాన్ని పైకి తేవాలె. మూడు ఊర్ల రక్తనిధి డేటా చూస్తున్న. స్టాండ్‌బై ఆగిపోతే ఏడ ఆగిందో కనుక్కుని, తప్పిపోయిన ఫైళ్లు సంపాదించి, నడిపించిన. ఇట్ల రాయి. పని ఇచ్చేటోనికి నువ్వేం చేసినవో కావాలె, నువ్వు ఎంత గొప్పదానివో ఎందుకు?"

"ఇంకా నడిపియ్యలేదు గదా అన్నా."

"నడిపిస్తవ్."

కస్తూరి టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "తీసేసింది కూడ నేనే అని రాస్తే ఎవలిస్తరు కొలువు?"

"కాయితం మీద రాయకు. అడిగితే చెప్పు. అడుగుతరు. నీ చేతుల ఏం చెడింది అని మంచోడు ఎవడైనా అడుగుతడు. ఏం చెడలే అని చెప్పినోన్ని నేనయితే తీసుకోను. వానికి సర్వర్ తాళం చెవి ఎవలూ ఇయ్యలేదన్నట్టు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకు ముప్పై ఏండ్లప్పుడు హైదరాబాద్‌ల ఇంటర్వ్యూకు పోయిన. ముగ్గురు కూసున్నరు. నేను నోరు తెరిచి గట్ల గాదు సార్, గిట్ల అని రెండు మాటలు అన్ననో లేదో, ఒకాయన పక్కాయన దిక్కు సూసి నవ్విండు. ఇగ నాకు చెమటలు. తెలిసింది కూడ చెప్పలేక పోయిన. ఇంకోసారి తెల్వంది తెలుసని చెప్పి పట్టువడ్డ. రెండూ పోగొట్టుకున్న కొలువులే. నీ మాట నీదే ఉండనీ, జర నిమ్మళంగ చెప్పు. తెల్వకుంటె తెల్వదను. తెల్వదు సార్, గానీ గిట్ల గిట్ల సూసి తెలుసుకుంట అను. పొద్దున నువ్వు చేసింది అదే గదా?"

"నాతోటి వాళ్లు రోజుకు యాభై కంపెనీలకు పెడుతున్నరన్నా. నేను కూడ పెట్టిన. ఒక్కడు జవాబియ్యడు."

"యాభై మందికి ఒకటే కాయితం పోతే ఎవడు సదువుతడు? ఐదుగురిని పట్టుకో. ఆ పని ఇప్పుడు చేస్తున్న మనిషిని వెతికి, కొలువు అడుగకు, పావుగంట టైం అడుగు. మీ కాడ స్టాండ్‌బై ఎట్ల సూస్తరు అని అడుగు. వానికి చెప్పబుద్ధయితది. మల్ల పెద్ద కంపెనీలే ఎందుకు? వరంగల్ల దవాఖానలు లేవా, మిల్లులు లేవా? అందరి కాడ డేటా ఉన్నది, సూసేటోడే లేడు. ఇంకొకటి. ఇంటికాడ పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని, రెండు డేటాబేస్‌లు జోడు కట్టి, మధ్యల కావాలని ఫైల్ తీసేసి మల్ల బాగు చెయ్యి. పది సార్లు చెడగొట్టు. మంది మీద చేసుడు కంటే ఇంట్ల చేసుడు నయం."

కస్తూరికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

ఫోన్ మోగింది. మొగిలి.

"బీరువా తీసిన. డిస్కు పెట్టిన. పేర్లు సదువుతున్న, విను. నాలుగు వేల నూట ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తొంభై. మూడున్నయి బిడ్డా!"

*

అవి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. మొగిలి ఫోన్ నెట్ మీద ఒక్కొక్కటే వచ్చాయి. మూడోది తొంభై శాతం దగ్గర ఆగిపోతే మొగిలి ఫోన్ పట్టుకుని శాఖ మేడ ఎక్కాడు. వచ్చినవి నిండుగా ఉన్నాయో లేదో జాల్యా సరిచూసి, కుర్చీ ఖాళీ చేశాడు.

"నువ్వే చెయ్యి."

"అన్నా, మీరే..."

"నువ్వే. నేను పక్కనే ఉన్న."

కస్తూరి మూడు ఫైళ్లనూ వాటి చోట పెట్టి, అవి వచ్చాయని సర్వర్‌కు చెప్పింది. కలుపుకోవడం మళ్లీ మొదలుపెట్టమని ఆజ్ఞ ఇచ్చింది. తెర మీద 4187 అలాగే ఉంది. ఒక క్షణం, రెండు, మూడు.

4188.

ఆ తర్వాత 4189. 4190 దగ్గర కాస్త నిలిచింది. ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు. 4191! ఇక ఆగలేదు. 4200, 4210, 4220... అంకెలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చి 4236 దగ్గర నిమ్మళంగా నిలబడ్డాయి.

జాల్యా అప్పుడు కూడా తొందరపడలేదు. జనగామలో పాత సర్వర్ కరెంటు తీగ పీకించమని డాక్టర్‌కు ఫోన్ చేయించాడు. డిస్కు లేకపోయినా, ఎవరైనా పాతది తగిలించి దాన్ని లేపితే రెండూ నేనంటే నేనే అసలుదాన్ని అని చెరో రకంగా రాసుకుంటాయని చెప్పాడు. పీకామన్నారు. అప్పుడు కస్తూరి స్టాండ్‌బైని అసలు సర్వర్‌గా మార్చింది. పిడుగుకు ముందు పన్నెండు నిమిషాలు మాత్రం దొరకలేదు. ఆ పన్నెండు నిమిషాల్లో నమోదైనవి ఇద్దరు దాతల పేర్లేనని, అవి కాగితం మీద ఉన్నాయని జనగామ నుంచి చెప్పారు.

భాగ్యమ్మకు సరిపడే రక్తం కోసం వెతికింది. ఒకే ఒక్క పేరు వచ్చింది. వెంకట్రాం, సింగరేణి కార్మికుడు, భూపాలపల్లి క్యాంపులో ఇచ్చాడు. సంచి నంబరు ఉంది. ఎక్కడుందో కూడా ఉంది.

"మొగిలన్నా," అంది ఫోన్‌లో, "మేడ దిగు. రెండో ఫ్రిజ్, మూడో అర. నంబరు చెప్తున్న, రాసుకో."

మొగిలి చదివి వినిపించాడు. అదే నంబరు. శాఖ బండి ఐస్ పెట్టెతో మధ్యాహ్నం ఒంటి గంటకు భూపాలపల్లి దాటింది.

కస్తూరి టేబుల్ మీద తల పెట్టుకుంది. ఇప్పుడు ఏడ్చింది. జాల్యా తన ల్యాప్‌టాప్ తీసుకుని ముందు గదిలోకి పోయి చాలాసేపు ఏదో టైపు చేస్తూ కూర్చున్నాడు. ఎనిమిది మెయిళ్లకు సంజాయిషీ రాస్తున్నాడు కాబోలు అనుకుంది.

*

సాయంత్రం ఐదున్నరకు మహబూబాబాద్ స్టేషన్లో జనగామ వైపు రైలు అరగంట ఆలస్యమని చెప్పారు. జాల్యా స్టేషన్ దాకా వచ్చి, బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పెట్టి, "మంగళవారం ఇంటర్వ్యూ అయినంక ఫోన్ చెయ్యి" అని వెళ్లిపోయాడు. వాన వెలిసి ప్లాట్‌ఫాం తడిగా మెరుస్తోంది. కస్తూరికి కడుపులో ఆకలి తెలిసింది. నిన్న సాయంత్రం తర్వాత మళ్లీ ఆకలి తెలియడం ఎంత బాగుందో!

డాక్టర్ విజయ ఫోన్ చేసింది.

"కస్తూరీ, అన్నీ కలిసినయి. సంచి ఎక్కుతున్నది. బీపీ లేస్తున్నది. ఇదిగో, భాగ్యమ్మ ఇంటాయన రాములు మాట్లాడుతడట."

రాములు గొంతు బొంగురుగా వచ్చింది. "బిడ్డా, నువ్వెవలో నాకు తెల్వదు. కంప్యూటర్ల ఏదో ఆగిపోయిందట, నువ్వే తెరిచినవట. నా పెండ్లాం కండ్లు తెరిచింది. నీళ్లు అడిగింది. నీ కడుపు సల్లగుండ."

కస్తూరి ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది. ఆగిపోయింది తన వల్లే అని ఆయనకు తెలియదు. "మంచిగైతది నాయినా," అని మాత్రం అంది.

ఫోన్ మళ్లీ డాక్టర్ చేతికి వెళ్లింది. ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు మనసులో ఏం పెట్టుకోకు. జాల్యా ఉత్తరం చదివిన. ఆ ఫైళ్లు ఆయన చెప్తేనే నువ్వు తీసినవని రాసిండు. తప్పు మొత్తం తనదే అన్నడు. రాజీనామా కూడ అందులనే పెట్టిండు. మన రక్తనిధి ట్రస్టు వాళ్లు తీసుకునేటట్టే ఉన్నరు. పదమూడేండ్ల నుంచి మనతోని ఉన్న మనిషి, నాకూ బాధగనే ఉన్నది. కానీ నీ పేరు మీదికి ఏం రాదు, ఇంటర్వ్యూకు నిమ్మళంగ పో."

రైలు కూత వినపడింది. జనం సామాన్లు ఎత్తుకుంటున్నారు. కస్తూరి లేచి నిలబడింది గానీ అడుగు ముందుకు పడలేదు. ముందు గదిలో టైపు చేసిన చప్పుడు చెవుల్లో మోగింది. నిన్న భయంతో ఒక రాత్రి దాచిన మాటకు ఎంత పొద్దు పోయిందో ఆయనే చెప్పాడు. మళ్లీ ఇప్పుడు దాస్తే? ఇంజన్ ఆమెను దాటిపోయింది. పెట్టెలు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. ఎదురుగా తలుపు, ఎక్కుతున్న మనుషులు.

"మేడం," అంది. "ఆ ఉత్తరంల రాసింది నిజం కాదు. అన్న నాకేం చెప్పలే. నేనే తీసేసిన."

రైలు కదిలింది. ఆమె ఎక్కలేదు.

"కస్తూరీ," డాక్టర్ అంది, "నువ్వు ఏమంటున్నవో నీకు తెలుసు గదా? ట్రస్టు చైర్మన్ గారు దవాఖానకే వచ్చి నా ఎదురుగనే కూసున్నరు. రాజీనామా మీద సంతకం పెట్టబోతున్నరు. స్పీకర్ మీద పెడుతున్న. మొదటి నుంచి చెప్పు."